మట్టికుండలో గాజుసేమియా



పెసలన నేమో యెఱుగని తెలుగువాడు లేడు. పెసరపప్పు, పెసరట్టు, పులగము, శ్రీరామనవమినాటి వడపప్పు, ఇవన్నియు మనకు నిత్యపరిచితములు. జ్వరము తగ్గి లేచినవానికి పెట్టు పథ్యములో పెసరకట్టునకు స్థానము కలదు. ఈ పెసలనుండియే తూర్పుదేశములవారు గాజువలె మెఱయు సన్నని తీగలను తీయుదురు. వానిని మట్టికుండలో నుంచి, మూతవైచి, నిప్పుమీద నుడికించి భుజింతురు. ఆ తీగలను, ఆ కుండను, ఆ వంటకమును గూర్చి నేడు కొంత ముచ్చటించెదను. పరదేశపు వంటతో మనకేమి పని యని కొంద ఱనుకొనవచ్చును. గింజ మనకు చుట్టము; కుండయు మనకు క్రొత్తది కాదు. ఈ రెంటిని వా రెంత మన్ననతో వాడుచున్నారో తెలిసికొన్నచో, మనయింట నున్నవానిని మన మెట్లు చూచుచున్నామను ప్రశ్న తనంత తానే పుట్టును. అది మేలైన ప్రశ్న యని నా నమ్మకము.

మొదట పేరు. దీనికి మన భాషలో స్థిరమైన పేరు లేదు గావున గాజుసేమియా యందము. మన సేమియా గోధుమపిండితో చేసినది. ఉడికిన తరువాతను తెల్లగానే యుండును. గాజుసేమియా యట్లు కాదు. ఎండియున్నప్పుడు తెల్లని దారమువలె నుండును, నానినంతనే మెత్తబడును, ఉడికినంతనే ఆవలివైపు కనబడునంత స్వచ్ఛమగును. చైనావారు దీనిని ఫెన్‌సీ యందురు; పిండితో చేసిన పట్టుదారమని యర్థము. థాయివారి పేరు వున్‌సెన్. జపానువారు హరుసమే, అనగా వసంతకాలపు వాన, యను చక్కని పేరు పెట్టిరి. మలయా, సింగపూరు ప్రాంతముల చైనీయులు తంగ్‌హూన్ అందురు. చలికాలపు పిండి యని దాని యర్థము. ఈ కడపటి పేరునకు గల కారణము ముందు తెలియగలదు.

ఇక గింజ ప్రయాణము. పెసర పుట్టినిల్లు భారతదేశమే. దాని అడవిజాతి మొక్కలు నేటికిని మన దేశమున కలవు. బళ్లారి ప్రాంతపు సంగనకల్లు మొదలగు ప్రాచీన గ్రామస్థలములను త్రవ్వినప్పుడు, మూడువేల యేండ్లకు పూర్వపు మాడిన పెసరగింజలు ఉలవలతోపాటు దొరకినవి. ఇక్కడినుండి ఈ పంట ఆగ్నేయాసియాకును, అచటినుండి చైనా మొదలగు తూర్పుదేశములకును, ఆ పిమ్మట మధ్యాసియాకును వ్యాపించినదని, పెసరజాతుల వంశలక్షణములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2023 లో ప్రకటించిరి.

చైనాలో ఆఱవ శతాబ్దమున జియా సిషియె యను నతడు వ్యవసాయమును గూర్చి ఒక మహాగ్రంథమును వ్రాసెను. షాన్‌డాంగ్ ప్రాంతమున నివసించిన యతడు, పొలమునకు బలము చేకూర్చుటకై దున్ని కలుపదగిన పచ్చిరొట్టలలో పెసరకు అగ్రస్థాన మిచ్చెను; నువ్వునకు దాని తరువాతి స్థానమే యిచ్చెను. మన రైతులు పెసరకాయలు కోసికొని మొక్కను నేలలో కలియదున్నుట యెట్టిదో, అక్కడి రైతులకు పదునాలుగు శతాబ్దములకు పూర్వమే యట్టి మర్మము తెలిసియుండెను. అదే గ్రంథములో పిండివంటల ప్రకరణమున మఱియొక వింత కలదు. ఎద్దుకొమ్మునుండి గరిటెయంత ముక్క కోసి, దానికి సన్నని చిల్లులు ఆఱేడు పొడిచి, దానిని పట్టుగుడ్డ నడుమ కుట్టి, ఆ గుడ్డలో తేటపిండి ముద్ద నుంచి పిండుచు, మఱుగుచున్న నీటిలోనికి తీగలను వదలవలెనని యతడు చెప్పినాడు. మన జంతికల గొట్టమునకు అది దూరపు బంధువని చెప్పవచ్చును గదా!

పెసల కథ అంతటితో ముగియలేదు. సుంగు వంశపు చక్రవర్తియగు ఝెన్‌ఝుంగ్ 997 నుండి 1022 వఱకు చైనాను పాలించెను. మన రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు పట్టాభిషిక్తు డైనదియు 1022 లోనే. ఆ చైనా చక్రవర్తి వ్యవసాయమునందు మిక్కిలి శ్రద్ధగలవాడు. చంపాదేశపు వరి కఱవునకు తట్టుకొనునని వినెను. భారతదేశపు పెసర విస్తారముగా కాయుననియు, గింజ పెద్దదనియు వినెను. వినినంతనే విలువైన వస్తువులిచ్చి దూతలను పంపి ఆ రెండు విత్తనములను తెప్పించెను. ఈ సంగతిని వెన్‌యింగ్ అను బౌద్ధభిక్షువు అదే శతాబ్దమున వ్రాసిపెట్టెను. ఆ భిక్షువు మన దేశమును పడమటి స్వర్గ మను పేర పేర్కొనెను. ముత్యములు, పట్టువస్త్రములు, ఏనుగులు మాత్రమే రాజులు కోరుకొను వస్తువులని మన మనుకొందుము. ఒక చక్రవర్తి పెసరవిత్తనములకై దూతలను పంపుట మన రైతులు గుర్తుంచుకొనదగిన విషయము.

ఇపుడు తీగలు తీయు విధానము. ఈ పనికి షాన్‌డాంగ్ రాష్ట్రము ప్రసిద్ధము. అందును జావ్‌యువాన్ ప్రాంతపు గ్రామములు ముఖ్యములు. అక్కడి సరకు లుంగ్‌కౌ రేవునుండి యెగుమతి యగుచుండుటచే దానికి లుంగ్‌కౌ సేమియా యను పేరు స్థిరపడెను. ఊరిలో పండిన సరకునకు రేవుపేరో సంతపేరో వచ్చుట మనకును తెలిసినదే.

పెసలను నానబెట్టి, నీరు పోయుచు మెత్తగా రుబ్బి, గుడ్డలో వడియగట్టి పొట్టును పిప్పిని వేఱుచేయుదురు. దిగిన పాలవంటి ద్రవములో గంజిపిండియు మాంసకృత్తులును కలిసియుండును. వీనిని విడదీయుటయే యీ పనిలోని రహస్యము. ముందటి విడతలో మిగిలిన పులిసిన తేటను కొంత దీనిలో పోయుదురు. పాలకు మజ్జిగ తోడువేసినట్లే. ఆ పులుపునందలి సూక్ష్మజీవులు మన పెరుగును తోడుకొనజేయువాని జాతికి చెందినవే. వాని ప్రభావమున గంజిపిండి రేణువులు ఒకదానికొకటి చేరి బరువెక్కి శీఘ్రముగా అడుగునకు దిగును. మాంసకృత్తులు పైన తేలియుండును. పైతేటను వంచివేసినచో అడుగున మంచువంటి తెల్లని పిండి మిగులును.

ఆ పిండిలో కొంచెము తీసి వేడినీటితో గంజివలె కాచి, తక్కిన పిండితో కలిపి జారుడుముద్దగా మర్దింతురు. పిమ్మట చిల్లులుగల పాత్రలో నింపి, పైనుండి చేతితో తట్టుచుండగా ఆ ముద్ద తీగలై క్రింద మఱుగుచున్న నీటిలో పడును. తీగ పడినంతనే యుడికి తేలును. తేలినదానిని చన్నీటిలోనికి లాగి, కఱ్ఱలకు వ్రేలాడదీయుదురు. అటుపిమ్మటి పని చలికాలమునకు అప్పగింతురు. ఉత్తరచైనాలో చలికాలమున నీరు గడ్డకట్టును. రాత్రి చలికి తీగలలోని నీరు గడ్డకట్టి, పగటి యెండకు కరగి కాఱిపోవును. అందుచే తీగలు ఒకదాని కొకటి అంటుకొనక విడివిడిగా నుండును, గట్టిపడును. పిమ్మట మన వడియములవలె ఎండలో నాఱబెట్టుదురు. చలికాలపు పిండి యను పేరునకు కారణ మిదియే. నేడు యంత్రశాలలలో శీతలీకరణపు గదులు ఆ పని చేయుచున్నవి గాని, క్రమము మాఱలేదు.

ఇంతకును పెసలే యెందులకు? గంజిపిండిలో రెండు రకముల పదార్థములు కలవు: ఒకటి కొమ్మలు కొమ్మలుగా చీలియుండునది, రెండవది చీలిక లేక పొడవైన గొలుసువలె నుండునది. ఈ రెండవదానికి అమైలోజని పేరు. ఉడికి చల్లాఱినప్పుడు ఈ గొలుసులు ఒకదాని ప్రక్క నొకటి చేరి బిగిసికొనును. వార్చిన గంజి చల్లాఱినప్పుడు పైన మీగడవలె కట్టుట మనము చూచుచున్నదే. పెసరయందలి గంజిపిండిలో ఈ గొలుసుపదార్థము సుమారు మూడవవంతు కలదు. బంగాళాదుంపలో ఐదవవంతు మాత్రమే. కావున పెసరతీగ మరల నీటిలో ఉడికినను కరగదు, చెదరదు, నోటికి బిగువుగా నుండును. కొరియావారు చిలగడదుంపతోను, జపానువారు దుంపపిండితోను ఇట్టి తీగలనే చేయుదురు. ఆ రుచి వేఱు. వంటవారు పెసరతీగనే మేలుతరముగా నెంచుదురు.

మిగిలిన ద్రవము సంగతి చెప్పవలెను. పెసలలోని మాంసకృత్తులు అందులోనే కదా పోయినవి! పెకింగు నగరవాసులు దానిని పాఱబోయలేదు. పులిసిన ఆ ద్రవమును కాచి, దౌజీ యను పేర ఉదయమున త్రాగుదురు. అది బూడిదపచ్చ రంగున నుండి, ఘాటైన పులిసిన వాసన కలిగియుండును. క్రొత్తవారు మొదటి గ్రుక్కకే మొగము చిట్లింతురు. అలవాటుపడిన పెకింగువారికి అది ప్రాణము. అడుగున చిక్కగా మిగిలిన పిప్పిని గొఱ్ఱెకొవ్వులో వేయించి మఱియొక కూర చేయుదురు. గింజలోని యే భాగమును వ్యర్థము కానీయకుండుట పేదయిండ్ల విద్య. అది యే దేశముననైనను ఒక్కటియే.

ఇక కుండ. చైనావారు వంటకుండను షాగువో యందురు. ఇసుకకుండ యని యర్థము. బంకమట్టిలో ఇసుక కలిపి కాల్చుటచే అది మంట వేడికి చప్పున పగులదు. కుండకు వెలుపల నునుపు లేదు. లోపల మాత్రము సన్నని గాజుపూత కలదు. కొన్నిటికి చుట్టును ఇనుపతీగ అల్లుదురు. క్రొత్తకుండను కొన్న యిల్లాలు దానిని మొదట నీటిలో నానబెట్టి, పిమ్మట అందులో బియ్యపుజావ కాచును. జావలోని పిండి మట్టియందలి సూక్ష్మరంధ్రములలో నిండి వానిని పూడ్చును. మన యిండ్లలోను క్రొత్తకుండను నానబెట్టి గంజి కాచి వాడుకకు తెచ్చు ఆచారము కలదు గదా. ఎవరు ఎవరికి నేర్పిరి? ఎవరును నేర్పలేదు, మట్టియే యిద్దఱికి నేర్పినది. కుండను ఒట్టి మంటపై నుంచరాదు, వేడికుండను తడినేలపై దింపరాదు అను నియమములును ఇరువురకు నొక్కటియే.

లోహపాత్రకు వేడి త్వరగా నెక్కును, త్వరగా దిగును. మంట తగిలిన చోట మాడ్చును. మట్టికి వేడి మెల్లగా నెక్కును. ఎక్కినది నాలుగువైపుల వ్యాపించును. దింపిన తరువాతను చాలసేపు నిలుచును. ఈ గుణము గాజుసేమియాకు మిక్కిలి యనుకూలము. సేమియాకు స్వంతరుచి యన్నది దాదాపు లేదు. అది తన చుట్టునున్న రసమును పీల్చుకొని, ఆ రసపు రుచినే తన రుచిగా చేసికొనును. మూతవైచిన కుండలో ఆవిరి వెలికి పోక లోపలనే తిరుగుచుండ, సేమియా నెమ్మదిగా రసమును త్రాగును. నీరెక్కువైనచో ముద్దయగును, తక్కువైనచో అడుగంటును. వంటవాని నేర్పంతయు ఆ కొలతలోనే యున్నది.

థాయిలాండులో రొయ్యలతో చేయు వంటకము ప్రసిద్ధము. దానిని కుంగ్ ఓప్ వున్‌సెన్ అందురు. ఇది చైనానుండి అచటికి వలసవచ్చినవారి వంటలనుండి పుట్టినది. సేమియాను చన్నీటిలో మెత్తబడునంతవఱకు నానబెట్టి వడియగట్టుదురు. వెల్లుల్లి, మిరియములు, కొత్తిమీర వేళ్లు కలిపి దంచుదురు. మనము కొత్తిమీర ఆకు త్రుంచుకొని వేళ్లను పాఱవేయుదుము. థాయివారికి ఆ వేళ్లే ప్రధానము, వాసన వానిలో ఘనముగా నుండును. కుండ అడుగున పందికొవ్వు ముక్కలు పఱచి, వానిపై అల్లపుముక్కలును, దంచిన ముద్దయును వేయుదురు. సోయా చిక్కుళ్లను పులియబెట్టి తీసిన ఉప్పని రసము, ఆల్చిప్పల సారము, కొంచెము చక్కెర, నువ్వులనూనె సేమియాకు పట్టించి, దానిని కుండలో నింపుదురు. పైన రొయ్యలను పేర్చి, కొంచెము రసము పోసి, మూతవైచి, బొగ్గుల కుంపటిమీద నుంతురు. సుమారు పది నిమిషములలో రొయ్యలు ఎఱ్ఱబడును. వానినుండి కాఱిన రసము సేమియాలోనికి దిగును. క్రింది కొవ్వు అడుగంటకుండ కాపాడును. చివర ఆకుకూర తఱిగి చల్లి, కుండతోనే పంక్తికి తెత్తురు. పచ్చిమిరపకాయ, వెల్లుల్లి, నిమ్మరసము, చేపలను ఊరవేసి తీసిన ఉప్పునీరు కలిపిన పులుసుపచ్చడి దానికి తోడు. రొయ్యలకు బదులు పీతలతోను ఇట్లే చేయుదురు.

ఈ వంట మాంసాహారులకు మాత్రమే పరిమితమని తలంపవలదు. చైనాలోని బౌద్ధవిహారములలో అర్హతుల వంటకమని యొక శాకాహారపు కూర కలదు. పుట్టగొడుగులు, క్యాబేజీజాతి ఆకులు, సోయాజున్ను మొదలగువానితో గాజుసేమియాను కలిపి మెల్లగా నుడికింతురు. చైనీయుల సంవత్సరాదినాడు మాంసము ముట్టని భక్తులు దీనిని తినుట ఆచారము. మలేషియాలోను సింగపూరులోను చైనీయుల భోజనశాలలలో కుండసేమియా సాధారణమైన వంటకము. పందొమ్మిదవ శతాబ్దమునుండి తోటపనులకై మలయా వెళ్లిన తెలుగువారి సంతతి నేటికిని మలేషియాలో కలదు. వారికి ఇది వీథిలో నిత్యము కనబడునదియే.

గుణమును చెప్పినట్లే దోషమును చెప్పవలెను. నూఱు పాళ్ల పెసలలో సుమారు 24 పాళ్లు మాంసకృత్తులు కలవు. నూఱు పాళ్ల గాజుసేమియాలో అరపాలైనను లేవు. 86 పాళ్లు కేవలము గంజిపిండియే. కావున పెసలతో చేసినదను మాట విని, పెసరపప్పునకు బదులుగా దీనిని పిల్లలకు పెట్టినచో అది పొరపాటగును. రొయ్యలో, పప్పో, సోయాజున్నో, గ్రుడ్డో తోడుగా నున్నప్పుడే అది పూర్ణభోజనము. ఆ దేశములవారు దీనిని ఒంటరిగా తినకుండుటలో అర్థ మున్నది. బలమునకు మన పెసరట్టు దీనికంటె మేలని నిస్సందేహముగా చెప్పవచ్చును.

రెండవది కల్తీ. 2002 లో చైనా ప్రభుత్వము లుంగ్‌కౌ సేమియా పేరునకు ప్రాంతీయోత్పత్తిగా రక్షణ మిచ్చెను. మన తిరుపతి లడ్డునకు 2009 లో లభించినది అట్టి రక్షణయే. అట్లు రక్షించిన రెండేండ్లకే, 2004 లో, షాన్‌డాంగ్ రాష్ట్రమున కొందఱు తయారీదారులు పెసలకు బదులు చౌకయైన మొక్కజొన్నపిండి వాడుచు, రంగు తెల్లబఱచుటకు తినరాని రసాయనమును కలుపుచున్నారని ఆ దేశపు టెలివిజనే వెల్లడించెను. పేరుమోసిన సరకునకు కల్తీవాడు నీడవలె వెంటబడును. చట్టము పేరును కాపాడగలదు. సరకును కాపాడవలసినది చేయువాని మనస్సాక్షియు, కొనువాని జాగరూకతయు. మన పట్టణములలోను ఈ సేమియా దొరకుచున్నది. కొనువారు పొట్లముమీద పెసరపిండియో మఱియొక పిండియో చదివి కొనవలెను. ఉడికించినంతనే విఱిగి ముద్దయగునది మంచి పెసరతీగ కాదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కుండకు సంబంధించినది. మెఱయు గాజుపూతలలో కొన్నిటియందు సీసము కలుపుదురు. పూత సరిగా కాలనిచో, పులుపు తగిలినప్పుడు ఆ సీసము కొంచెము కొంచెముగా ఆహారములోనికి దిగును. అది రుచికి తెలియదు, కంటికి కనబడదు. శరీరములో పేరుకొని, ముఖ్యముగా పసిపిల్లల బుద్ధివికాసమును చెఱచును. మనది పులుసు తిను దేశము. కావున సంతలో రంగురంగుల పూతకుండ కనబడినప్పుడు, అది వంటకై చేసినదో అలంకారమునకై చేసినదో విచారింపక కొనరాదు. అట్టి కుండలో పులుసునుగాని ఊరగాయనుగాని నిలువయుంచరాదు. మన కుమ్మరి చేసిన పూతలేని ఎఱ్ఱకుండకును నల్లకుండకును ఈ పూతభయము లేదు.

అయితే ఆ కుమ్మరి యేడి? మొదట సత్తుగిన్నెలు వచ్చినవి. పిమ్మట స్టీలుపాత్రలు వచ్చినవి. తేలికయైనవి, పగులనివి, వానిని నిందించి ప్రయోజనము లేదు. థాయిలాండులోను కొన్ని భోజనశాలలు ఈ వంటకమును సత్తుపాత్రలోనే వండి పెట్టుచున్నవి. కాని అక్కడ మట్టికుండ పూర్తిగా పోలేదు. దానికి ఒక పని మిగిలియున్నది. ఈ కూర కుండలోనే బాగుండునని తినువా రనుచున్నారు. అందుచే వండువాడు కొనుచున్నాడు. అందుచే కుమ్మరిచక్రము తిరుగుచున్నది. ఒక వృత్తి నిలుచుటకు సానుభూతి చాలదు. దాని వస్తువుతో ఎవరికైనను ప్రతిదినము పని యుండవలెను.

మన యూళ్లలో పెండ్లికి అరివేణికుండలును, వేసవికి నీటికుండయు తప్ప కుమ్మరితో పని తగ్గిపోయినది. చేపలపులుసు, గోంగూర, పప్పుపులుసు మట్టిలో నుడికిన రుచి యెట్టిదో ఈ మాటలు వినుచున్న పెద్దలకు తెలియును, మనుమలకు తెలియదు. ఆ రుచిని మాటలతో చెప్పి వారిని నమ్మింపలేము. ఏటికొక్క మంచి కూరకుండ యింటికి వచ్చినచో, నెలకు నాలుగుమాఱులైన అది పొయ్యి యెక్కినచో, పిల్లలు తామే అడుగుదురు. వరికోతలైన పొలములలో పెసలు చల్లుకొని, వాని గింజను ఇంటను, మొక్కను నేలలోను వినియోగించుకొనుట మనచేతిలోని పని. చక్రవర్తులు దూతలను పంపి తెప్పించుకొన్న విత్తనము మన గాదెలో నున్నది. ఇసుకకుండకు సాటిరాగల కుండ చేయు చేతులు ఇంకను కొన్ని గ్రామములలో నున్నవి. ఆ చేతులు ముదిరి, విద్య వారితోనే పోవకముందే, వారి ముంగిట నొక కుండ కొనుటకు నడిచి వెళ్లుడని నా మనవి.